వశిష్ఠ మీదుగా వైర్‌లెస్ లింకు రోజుకి రెండుసార్లు పడిపోతోంది: తప్పు ఓపెన్ వీస్విచ్‌దా, గాలిదా?

#1 తిప్పగాలి
వశిష్ఠకి ఇటు అంతర్వేది వైపు ఒక స్విచ్ (పేరు "రేవు"), అటు బియ్యపుతిప్ప వైపు ఒకటి ("తిప్ప"). గాల్లో దూరం 3 కి.మీ. రెండూ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రూటర్లలో నడిచే లినక్స్) బోర్డులే, లోపల ఓపెన్ వీస్విచ్ (సాఫ్ట్‌వేర్ స్విచ్). ఏత్9కే కార్డు, 23 డీబీఐ డిష్, చానెల్ 161, వెడల్పు 20 మెగాహెర్ట్జ్, కార్డు పవర్ 13 డీబీఎం. రేవు యాక్సెస్ పాయింట్ (వైఫై ఇచ్చేది), తిప్ప స్టేషన్ (దానికి తగులుకునేది). తిప్ప నుంచి రొయ్యల చెరువుల గట్టు మీదున్న మూడో స్విచ్‌కి ("చెరువు") 1.2 కి.మీ. అక్కడ మాత్రం విడిగా కొన్న రేడియోల జత, ఈథర్నెట్ తీగతో స్విచ్‌లకి తగిలించాం. కంట్రోలర్ (స్విచ్‌లకి రూళ్ళు పంపే ప్రోగ్రాము) ర్యూ, రేవు పక్కనే పీసీలో. తిప్ప దగ్గర 4జీ డాంగిల్, దాని మీద రేవుకి వీఎక్స్‌లాన్ టన్నెల్ (ఇంటర్నెట్ లోంచి వేసిన ఉత్తుత్తి ఈథర్నెట్ తీగ). అది బ్యాకప్.

మూడు తలనొప్పులు. రేవు బోర్డు నుంచి తిప్ప బోర్డుకి పింగ్ వెళ్తుంది, తిప్ప వెనకున్న కెమెరాకి వెళ్లదు. చెరువు దగ్గర ఆక్సిజన్ మీటర్ల లెక్కలు తిప్ప దాకా శుభ్రంగా వస్తున్నాయి, కానీ కంట్రోలర్ గీసే బొమ్మలో తిప్ప–చెరువు లింకే ఉండదు. ఇక అసలుది: రేవు–తిప్ప లింకు రోజుకి రెండుసార్లు, గంటన్నర రెండు గంటలు పడి లేస్తుంది, ఆ టైములో బ్యాకప్‌కి మారనే మారదు. డిష్‌లు మూడుసార్లు తిప్పి బిగించాం. ఎక్కడ మొదలెట్టమంటారు?

#2 పుంజు_ప్యాకెట్
పంటు అడ్డం వచ్చినప్పుడు పడుతోందేమో చూశారా :)

#3 ఫ్లోటేబుల్_నాగు
పంటు సంగతి తర్వాత. తిప్ప బోర్డులో 4అడ్రస్ మోడ్ ఆన్ చేశారా?

#4 తిప్పగాలి
లేదండి. వైర్‌లెస్ ఇంటర్‌ఫేసుని ఓపెన్ వీస్విచ్‌లో పోర్టుగా చేరిస్తే ఏ ఎర్రరూ లేకుండా తీసుకుంది. సరిపోయిందనుకున్నాం.

#5 ఫ్లోటేబుల్_నాగు
అదే మోసం. లినక్స్ మామూలు బ్రిడ్జ్‌లో స్టేషన్ ఇంటర్‌ఫేసుని చేర్చబోతే "కుదరదు" అని మొహం మీదే చెప్తుంది. ఓపెన్ వీస్విచ్ ఆ తనిఖీ చెయ్యదు, నోరు మూసుకుని చేర్చుకుంటుంది. ప్యాకెట్లు మాత్రం పోవు.

ఎందుకంటే స్టేషన్ పంపే మామూలు వైఫై ఫ్రేములో మూడే అడ్రసులుంటాయి. గాల్లోకి పంపినవాడు, ఫ్రేము పుట్టించినవాడు ఒకడే అని లెక్క. కెమెరా మ్యాక్‌తో (దాని హార్డ్‌వేర్ అడ్రసుతో) ఫ్రేము వదిలితే యాక్సెస్ పాయింట్ "ఈ మ్యాక్ నా దగ్గర నమోదు కాలేదు" అని పారేస్తుంది. బోర్డు నుంచి బోర్డుకి పింగ్ ఎలా వెళ్తోందంటారా? ఓపెన్ వీస్విచ్ బ్రిడ్జ్ తన పోర్టుల మ్యాక్‌లలో అన్నిటికన్నా చిన్నదాన్ని తన మ్యాక్‌గా తీసుకుంటుంది. మీ దగ్గర అది వైర్‌లెస్ కార్డుదే అయ్యుంటుంది. అదృష్టం అనాలో దురదృష్టం అనాలో మరి.

కంట్రోలర్ మోసపోవడానికీ ఇదే కారణం. ర్యూ లింకులు కనుక్కోడానికి పంపించే ఎల్‌ఎల్‌డీపీ ఫ్రేముకి సోర్స్ మ్యాక్ ఆ పోర్టుదే, కాబట్టి అది హాయిగా నది దాటుతుంది. బొమ్మలో లింకు పచ్చగా ఉంటుంది, కెమెరా మాత్రం మునుగుతుంది.

తిప్పలో ఆ ఇంటర్‌ఫేసుకి 4అడ్రస్ (అసలు పంపినవాడి మ్యాక్‌కి విడిగా చోటిచ్చే మోడ్) ఆన్ చెయ్యండి, రేవులో యాక్సెస్ పాయింట్ సెట్టింగ్‌లో దాని జోడీ డబ్ల్యూడీఎస్ ఆన్ చెయ్యండి. రెండు పక్కలా ఉండాలి. ఒక పక్కే పెడితే పింగ్ కూడా పోతుంది, కంగారు పడొద్దు.

#6 పాతవైరు
చెప్తే కోప్పడతారు గానీ, మూడు స్విచ్‌లకి ఈ కంట్రోలర్ గోలెందుకండి? మామూలు బ్రిడ్జ్, ఆర్‌ఎస్‌టీపీ (లూపు రాకుండా ఒక దారి మూసి, అవసరమైతే తెరిచేది) పెట్టి ఊరుకుంటే పోయేదిగా.

#7 కొబ్బరాకు_డీబీఎం
#6 ఆర్‌ఎస్‌టీపీ పెడితే కెమెరా వీడియో మొత్తం 4జీ మీదకి మళ్ళుతుంది. మీటర్ల లెక్కలు మళ్ళించి వీడియోని ఆపెయ్యడం దాని వల్ల కాదు. ఇలాంటి చోటే ఫ్లో రూళ్ళు (ఏ ప్యాకెట్ ఎటు పోవాలో చెప్పేవి) పనికొచ్చేది.

#8 పాతవైరు
ఒప్పుకున్నా. అయినా నా మాట రికార్డులో ఉండనివ్వండి.

#9 తిప్పగాలి
4అడ్రస్ రెండు వైపులా పెట్టాం. కెమెరా వచ్చేసింది, దణ్ణం. కానీ రేవులో కొత్తగా చివర "స్టా1" అని ఇంకో ఇంటర్‌ఫేసు పుట్టుకొచ్చింది. దాన్ని పోర్టుగా చేరిస్తేనే పనిచేసింది. లింకు తెగి మళ్ళీ కలిస్తే అది మాయమై కొత్తగా పుడుతోంది. నిన్న పోర్టు నంబరు 4, ఇవాళ 7. మా ఫ్లో రూళ్ళన్నీ 4 మీదే రాసున్నాయి.

#10 ఫ్లోటేబుల్_నాగు
పుట్టుక సరైనదే. డబ్ల్యూడీఎస్‌లో ప్రతి స్టేషన్‌కీ యాక్సెస్ పాయింట్ వైపు విడిగా ఒక ఇంటర్‌ఫేసు తయారవుతుంది. మామూలు బ్రిడ్జ్ అయితే యాక్సెస్ పాయింట్ నడిపే హోస్ట్‌ఏపీడీయే దాన్ని చేర్చేస్తుంది. ఓపెన్ వీస్విచ్ సంగతి దానికి తెలియదు, మనమే చేర్చాలి.

పోర్టు చేర్చేటప్పుడే "ఆఫ్‌పోర్ట్ రిక్వెస్ట్" కింద ఒక నంబరు కట్టెయ్యండి, 11 అనుకోండి. ఆ నంబరు ఖాళీగా ఉంటే ప్రతిసారీ అదే ఇస్తుంది. తర్వాత ఇంటర్‌ఫేసు పుట్టిన ఘటన మీద ఒక చిన్న హాట్‌ప్లగ్ స్క్రిప్టు: పాత పోర్టు ఉంటే తీసెయ్, కొత్తది 11గా చేర్చు. ఓపెన్ వీస్విచ్‌లో అసలు యాక్సెస్ పాయింట్ ఇంటర్‌ఫేసు ఉంటే తీసెయ్యండి, స్టా1 ఒక్కటే ఉండాలి.

#11 కాజాకౌంటర్
4అడ్రస్ పెట్టినా లింకు పడి లేవడం ఆగదు, చూస్తుండండి. ఎల్‌ఎల్‌డీపీ మల్టీకాస్ట్ (ఒకరికి కాదు, గుంపుకి పంపేది). వైఫైలో మల్టీకాస్ట్‌కి అందిందన్న రసీదు ఉండదు, కింది రేటులో పోతుంది, పోతే పోయినట్టే. ర్యూ ఒక్కో పోర్టు మీద 0.9 సెకనుకి ఒకటి పంపిస్తుంది. వరసగా 5 పైన జవాబు రాకుండా పోయి, 10 సెకన్లు దాటితే లింకు తీసేస్తుంది. ఆ అంకెలు ర్యూ స్విచెస్ ఫైల్లోనే ఉంటాయి. పెంచుకోండి.

#12 ఫ్లోటేబుల్_నాగు
#11 సగం కరెక్టు. ఎడ్‌హాక్‌లో, మెష్‌లో అలాగే ఉంటుంది. 4అడ్రస్ డబ్ల్యూడీఎస్‌లో కాదు. అక్కడ మల్టీకాస్ట్ ఫ్రేము కూడా ఆ ఒక్క స్టేషన్ అడ్రసు మీదే పోతుంది, రసీదు వస్తుంది, రాకపోతే మళ్ళీ పంపుతుంది. ఇప్పుడు కూడా ఎల్‌ఎల్‌డీపీలు పోతున్నాయంటే గాలే బాగోలేదని అర్థం. టైమర్ పెంచితే థర్మామీటర్ విరగ్గొట్టి జ్వరం తగ్గిందన్నట్టు.

#13 కాజాకౌంటర్
4అడ్రస్‌లో అలా మారుతుందని తెలీదు. వెనక్కి తీసుకున్నా.

#14 మడచెట్టు
తిప్ప–చెరువు లింకు బొమ్మలో లేకపోవడం గురించి ఎవరూ మాట్లాడట్లేదు. అది వేరే జబ్బు. ఎల్‌ఎల్‌డీపీ వెళ్ళే అడ్రసు 01-80-సీ2-00-00-0ఈ. ఆ వరస అడ్రసులు బ్రిడ్జ్ దాటకూడదని 802.1డీ రూలు. మీరు కొన్న రేడియో లోపల ఉన్నది కూడా చిన్న లినక్స్ బ్రిడ్జే. డేటా దాటిస్తుంది, ఎల్‌ఎల్‌డీపీని మింగేస్తుంది.

నిర్ధారణ ఇలా: తిప్ప స్విచ్ నుంచి రేడియో వైపు తీగ మీద ఈథర్‌టైప్ 88సీసీకి (ఎల్‌ఎల్‌డీపీ గుర్తు) టీసీపీడంప్ (ప్యాకెట్లు చూపే పనిముట్టు) పెట్టండి, బయటికి పోతూ కనబడుతుంది. చెరువు వైపు అదే పెట్టండి, ఒక్కటీ రాదు.

రేడియోలోకి షెల్ దొరికితే ఆ బ్రిడ్జ్ గ్రూప్ ఫార్వర్డ్ మాస్క్‌లో 16384 రాయండి. అది ఎల్‌ఎల్‌డీపీ బిట్టు. రెండు రేడియోల్లోనూ రాయాలి, రీబూట్ అయినా ఉండేట్టు పెట్టాలి. షెల్ ఇవ్వని రేడియో అయితే కంట్రోలర్‌లో ఎల్‌ఎల్‌డీపీ బదులు బ్రాడ్‌కాస్ట్ అడ్రసుకి పోయే బీడీడీపీ వాడాలి, ఈథర్‌టైప్ 8942. ఫ్లడ్‌లైట్, ఓనోస్ కంట్రోలర్లలో ముందే ఉంది. ర్యూలో మీరే రాసుకోవాలి. అదీ విసుగనిపిస్తే ఆ ఒక్క లింకుని ఫైల్లో రాసి పడెయ్యండి, కదిలే లింకేం కాదుగా.

#15 పూతరేకు_పోర్ట్
సందులో నాదొకటి. ఒకే రేడియో ఉన్న బోర్డుని మధ్యలో రిపీటర్‌గా పెట్టాను, ఎడ్‌హాక్ మోడ్. ఫ్లో రూలులో ఇన్‌పోర్టు 1, అవుట్‌పుట్ 1. ప్యాకెట్ లోపలికి వస్తోంది, బయటికి పోదు. కౌంటర్లు మాత్రం పెరుగుతున్నాయి.

#16 మడచెట్టు
వచ్చిన పోర్టులోంచే తిరిగి పంపకూడదని ఓపెన్‌ఫ్లో (కంట్రోలర్, స్విచ్ మాట్లాడుకునే భాష) నియమం. తీగ ప్రపంచంలో అది లూపు, గాల్లో అది మామూలు పని. అవుట్‌పుట్‌లో 1 అని రాయకండి, "ఇన్‌పోర్ట్" అనే రిజర్వుడు పోర్టు పేరు రాయండి. డెస్టినేషన్ మ్యాక్ కూడా తర్వాతి బోర్డుదిగా మార్చాలి.

#17 పూతరేకు_పోర్ట్
పనిచేసింది. రెండ్రోజులు పోయాయి దీని మీద.

#18 గట్టుమీద_బీఎఫ్‌డీ
బ్యాకప్‌కి ఎందుకు మారట్లేదో చెప్తా. మీరు ఫాస్ట్ ఫెయిలోవర్ గ్రూపు (మొదటి దారి చస్తే రెండోదానికి మార్చే రూలు) వాడుతున్నారనుకుంటున్నా. అది పోర్టు బతికుందా లేదా అనే చూస్తుంది. సిగ్నల్ పడిపోయినా స్టేషన్ అసోసియేషన్ తెగదు, ప్యాకెట్లు నూటికి తొంభై పోతున్నా పోర్టు "బతికే ఉన్నా" అంటుంది. చెరువు వైపు ఇంకా ఘోరం. గాలి పూర్తిగా చచ్చినా స్విచ్‌కీ రేడియోకీ మధ్య ఈథర్నెట్ తీగ బాగానే ఉంటుంది, కంట్రోలర్‌కి కబురే రాదు.

ఆ పోర్టుల మీద బీఎఫ్‌డీ (రెండు కొసలూ "ఉన్నావా" అని పలకరించుకునే పద్ధతి) ఆన్ చెయ్యండి, రెండు కొసలా. ఓపెన్ వీస్విచ్‌లో డీఫాల్టుగా మిన్ ఆర్‌ఎక్స్ 1000 మిల్లీసెకన్లు, మల్టిప్లయర్ 3. అంటే 3 సెకన్లు ఏమీ రాకపోతే పోర్టు చచ్చినట్టు లెక్క, గ్రూపు వెంటనే రెండో బకెట్‌కి, అంటే రెండో దారికి మారుతుంది. తీగల వాళ్ళు చెప్పారని 100 మిల్లీసెకన్లకి దించకండి. గాల్లో 300 మిల్లీసెకన్ల తడబాటు మామూలే, రోజంతా అటూ ఇటూ ఊగుతుంది.

ఒక లోటుంది. ఫాస్ట్ ఫెయిలోవర్‌కి ఆగి చూసే గుణం లేదు, బీఎఫ్‌డీ లేవగానే తిరిగి పాత దారికి దూకుతుంది. అందుకని కంట్రోలర్‌లో చిన్న లెక్క పెట్టుకోండి: పడితే బకెట్ల వరస మార్చు, సిగ్నల్ ఐదు నిమిషాలు వరసగా -70 డీబీఎం కన్నా మెరుగ్గా (సున్నాకి దగ్గరగా) ఉంటేనే వెనక్కి మార్చు.

#19 కొబ్బరాకు_డీబీఎం
4జీ సిమ్‌కి పబ్లిక్ ఐపీ ఉండదు కదా, వీఎక్స్‌లాన్ నేరుగా ఎలా కట్టారు?

#20 తిప్పగాలి
వైర్‌గార్డ్ (వీపీఎన్) లోపల కట్టాం. కీప్‌ఎలైవ్ 25 సెకన్లు. పింగ్ వెళ్తుంది. పెద్ద ఫైలు కదపబోతే ఆగిపోతుంది, అదో బాధ ఉంది నిజమే.

#21 కొబ్బరాకు_డీబీఎం
ఎమ్‌టీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు). వైర్‌గార్డ్ 1420, దాంట్లోంచి వీఎక్స్‌లాన్ 50 తీసెయ్యండి, 1370. ముక్కలు చెయ్యొద్దన్న గుర్తుతో పింగ్ సైజు 1342 వెళ్ళాలి, 1343 ఆగాలి. అలా కాకపోతే మధ్యలో ఇంకేదో కోస్తోంది. కెమెరాకీ మీటర్ల గేట్‌వేకీ ఎమ్‌టీయూ 1370 పెట్టడం తేలిక.

#22 గట్టుమీద_బీఎఫ్‌డీ
ఇంకోటి మర్చిపోయా. ఫెయిల్ మోడ్ (కంట్రోలర్ పోతే స్విచ్ ఏం చెయ్యాలన్నది) ఏం పెట్టారు?

#23 తిప్పగాలి
ఏమీ పెట్టలేదు.

#24 గట్టుమీద_బీఎఫ్‌డీ
అంటే స్టాండలోన్. తిప్ప స్విచ్ కంట్రోలర్‌తో మాట్లాడేది కూడా ఆ గాలి మీదేగా. గాలి పడితే 5 సెకన్ల ప్రోబు మూడుసార్లు తప్పి, 15 సెకన్లకి అది కంట్రోలర్‌ని వదిలేసి మామూలు స్విచ్‌లా పనిచెయ్యడం మొదలెడుతుంది. అప్పుడు గాలి లింకు ఒకటి, టన్నెల్ ఒకటి, మధ్యలో ఎస్‌టీపీ లేదు: రింగు. ఒక్క ఏఆర్‌పీ బ్రాడ్‌కాస్ట్ చాలు, గింగిరాలు తిరుగుతుంది. 4జీ డేటా ఎప్పుడైనా ఒక్కసారిగా హరించుకుపోయిందా?

#25 తిప్పగాలి
పోయింది. రెండుసార్లు. ఎవరో సినిమాలు చూశారని కుర్రాళ్ళ మీద అరిచాం.

#26 పుంజు_ప్యాకెట్
కుర్రాళ్ళకి సారీ చెప్పి కాజా పెట్టించండి.

#27 గట్టుమీద_బీఎఫ్‌డీ
ఫెయిల్ మోడ్ సెక్యూర్‌కి మార్చండి. కంట్రోలర్ పోయినా పాత రూళ్ళు అలాగే ఉంటాయి, సొంత తెలివి వాడదు. సెక్యూర్ పెట్టాక రీబూట్ అయితే కంట్రోలర్ దాకా ఎలా వెళ్తుందన్న భయం అక్కర్లేదు, కంట్రోలర్‌తో మాటలకి కావలసిన ఇన్‌బ్యాండ్ దాగుడు రూళ్ళు వాటంతట అవే పడతాయి. బ్రిడ్జ్ ఫ్లోలు యాప్‌సీటీఎల్‌తో తీస్తే అవీ కనబడతాయి, మామూలు డంప్‌లో కనబడవు.

#28 తిప్పగాలి
వారం అయింది. పైన చెప్పినవన్నీ పెట్టాం. బ్యాకప్ 3 సెకన్లలో మారుతోంది, రింగు లేదు, బొమ్మలో మూడు స్విచ్‌లూ ఉన్నాయి. కానీ రేవు–తిప్ప గాలి ఇంకా పడుతోంది. మామూలప్పుడు సిగ్నల్ -54, పడినప్పుడు -84, నాయిజ్ -92 దగ్గర. బాగా కిందికి పోయిన టైములు:
సోమవారం ఉదయం 6:10, సాయంత్రం 6:35
మంగళవారం 7:00, 7:25
బుధవారం 7:50, 8:15

#29 కాజాకౌంటర్
రాత్రి చెరువుల ఏరేటర్లన్నీ ఒకేసారి వేస్తారు, లో ఓల్టేజీ వచ్చి అడాప్టర్ నీరసపడుతుంది. బోర్డు అప్‌టైమ్ చూడండి.

#30 తిప్పగాలి
అప్‌టైమ్ 9 రోజులు. రీబూట్ లేదు. ఓల్టేజీ స్టెబిలైజర్ ఉంది.

#31 పూతరేకు_పోర్ట్
మచిలీపట్నం వాతావరణ రాడార్ ఏమో?

#32 మడచెట్టు
అది ఎస్ బ్యాండ్, 5 గిగాహెర్ట్జ్‌లో లేదు. పైగా రాడార్ వినబడితే డీఎఫ్‌ఎస్ చానెల్ మారుస్తుంది, 161 డీఎఫ్‌ఎస్‌లోదే కాదు.

#33 కొబ్బరాకు_డీబీఎం
స్టేషన్ డంప్‌లో రీట్రైలు ఎంతున్నాయి? డిస్టెన్స్ సెట్టింగ్ పెట్టారా? 3 కి.మీ. అంటే ఒక వైపుకే 10 మైక్రోసెకన్లు. డీఫాల్టు రసీదు గడువు గదిలో వాడే రూటర్లకి సరిపోయేది. కవరేజ్ క్లాసు ఒక్కోటి 450 మీటర్లు, మీకు 7 కావాలి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో డిస్టెన్స్ 3000 అని రెండు పక్కలా రాస్తే చాలు. సిగ్నల్ బాగున్నప్పుడు కూడా రీట్రైలు ఎక్కువుంటే ఇదే.

అలాగే మీ గాలిలో ఉప్పుంటుంది. ఆర్‌జే45 పిన్నులు ఆరు నెలలకే పచ్చబడతాయి. రేడియో ఉన్న పోర్టు 100 ఎంబీపీఎస్‌కో 10కో దిగిందేమో ఎథ్‌టూల్‌తో చూడండి. స్తంభం మీది కనెక్టర్లకి రబ్బరు టేపు సాగదీసి చుట్టాలి, ఇన్సులేషన్ టేపు కాదు.

#34 తిప్పగాలి
డిస్టెన్స్ పెట్టలేదు, ఇప్పుడు పెట్టాం. బాగున్నప్పుడు స్పీడు పెరిగింది. పడేది పడుతూనే ఉంది.

#35 ఉప్పుటేరు_99
#28లో టైములు ఎవరూ సరిగ్గా చదవలేదు. రోజూ 50 నిమిషాలు ఆలస్యంగా జరుగుతోంది. పొద్దుటికీ సాయంత్రానికీ మధ్య 12 గంటల 25 నిమిషాలు. కరెంటు అలా జరగదు, ఏరేటర్లు అలా జరగవు. అలా జరిగేది ఒక్కటే, పోటు. సముద్రప్పోటు నదిలోకి ఎక్కినప్పుడు మీ లింకు పడుతోంది. నమ్మకం లేకపోతే పడిన టైములో రేవులో సరంగుని అడగండి.

స్తంభాల ఎత్తు నిండు పోటు నీటి మట్టం నుంచి ఎంత? నేల నుంచి కాదు.

#36 తిప్పగాలి
సరంగుని అడిగాం. "నిండు పోటండి, ఆయ్" అన్నాడు. ఒళ్ళు జలదరించింది. నీటి నుంచి రేవు డిష్ 15 మీటర్లు, తిప్ప డిష్ 10.3.

#37 పాతవైరు
ఓపెన్‌ఫ్లో 1.3లో చంద్రుణ్ణి మ్యాచ్ ఫీల్డుగా పెట్టలేదు మరి.

#38 ఉప్పుటేరు_99
లెక్క చూడండి, చిన్నదే. తిన్నగా వచ్చే కిరణం ఒకటి, నీటి మీద పడి తేలి వచ్చేది ఒకటి. రెండోదానికి దారి కొంచెం ఎక్కువ: రెండు ఎత్తుల్ని గుణించి, రెట్టింపు చేసి, దూరంతో భాగిస్తే వస్తుంది. 15 × 10.3 × 2 ÷ 3000 = 0.103 మీటర్లు. చానెల్ 161 అంటే 5805 మెగాహెర్ట్జ్, తరంగం పొడవు 5.16 సెం.మీ. 10.3ని 5.16తో భాగిస్తే 1.99, ఇంచుమించు సరిగ్గా 2. ఇంత పల్చటి కోణంలో నీటి మీద పడిన కిరణం తలకిందులై వస్తుంది, కాబట్టి తేడా పూర్ణ సంఖ్య అయినప్పుడల్లా రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. మీరు స్తంభం సరిగ్గా గోతిలో పాతారు.

పాటు దిగి నీరు 1 మీటరు తగ్గితే ఎత్తులు 16, 11.3 అవుతాయి. తేడా 12.05 సెం.మీ., అంటే 2.33 తరంగాలు. అక్కడ రెండూ కలిసొచ్చి సిగ్నల్ ఖాళీ గాలిలో కన్నా 5 డీబీ దాకా పెరుగుతుంది. మీ బడ్జెట్ చూడండి: 13 + 23 + 23, దాంట్లోంచి 3 కి.మీ. నష్టం 117 తీస్తే -58. పాటులో -53 రావాలి, మీకు -54 వస్తోంది. లెక్క ప్రకారం నిండు పోటులో ఇంకా లోతుకి పోవాలి గానీ నీటి మీద అలలుంటాయి, పూర్తిగా తినెయ్యదు. భూమి వంపు 3 కి.మీ.కి 13 సెం.మీ., వదిలెయ్యొచ్చు.

స్తంభం ముట్టుకోకుండా పరీక్ష: నిండు పోటు టైములో చానెల్ 36కి మార్చండి. 5180 దగ్గర తరంగం 5.79 సెం.మీ., తేడా 1.78 తరంగాలు అవుతుంది, గోతిలోంచి బయటపడతారు. సిగ్నల్ 20 డీబీ పైన ఎగరాలి. ఎగరకపోతే నా మాట తప్పు.

#39 కాజాకౌంటర్
డిష్‌ని కొంచెం ఆకాశం వైపు లేపితే నీటి కిరణం తగ్గదా?

#40 ఉప్పుటేరు_99
తగ్గదు. 23 డీబీఐ డిష్ కిరణం వెడల్పు 10 డిగ్రీల దగ్గర ఉంటుంది, నీటి మీంచి వచ్చేది అర డిగ్రీ కిందనుంచి. రెండూ ఒకే కన్నులో పడతాయి. లేపితే రెండూ కలిసి తగ్గుతాయి. పోలరైజేషన్ మార్చినా ఇంత పల్చటి కోణంలో తేడా దాదాపు ఉండదు.

#41 తిప్పగాలి
ఇవాళ పోటులో చేశాం. 161లో -83. చానెల్ 36లో -57. కెమెరా పరుగు తీసింది.

#42 పుంజు_ప్యాకెట్
పంటు మీద నింద పోయింది.

#43 కొబ్బరాకు_డీబీఎం
చానెల్ 36లోనే ఉంచేస్తే అయిపోలేదా?

#44 ఉప్పుటేరు_99
#43 ఉంచొచ్చు, కానీ పాటులో 16 × 11.3 అక్కడ 2.08 తరంగాలు. అంటే గొయ్యి పోటులోంచి పాటు వైపుకి జరిగింది, అంతే. ఒక్క చానెల్‌తో తేలదు, ఎత్తు మార్చాలి.

తిప్ప డిష్‌ని 12 మీటర్లకి లేపండి. 161లో పోటుకి 2.32, పాటుకి 2.69, మధ్యలో 2.5. రెండు కొసలా 4 డీబీ లాభంలోనే ఉంటారు. పౌర్ణమికీ అమావాస్యకీ నీరు ఒకటిన్నర మీటర్లు ఊగినా 2 డీబీ, 3 డీబీ నష్టం, పర్లేదు. దించుదాం అనుకోకండి. 9 మీటర్లకి దించితే పోటులో బాగుంటుంది, పాటులో మళ్ళీ గోతిలోకే.

ఫ్రెనెల్ జోన్ (కిరణం చుట్టూ ఖాళీగా ఉండాల్సిన చోటు) గొడవ లేదు, 3 కి.మీ.కి మధ్యలో వ్యాసార్ధం 6 మీటర్ల పైచిలుకు, దాంట్లో నూటికి అరవై వంతులు ఖాళీ చాలు. ఒడ్డున కొబ్బరాకు ఏదైనా అడ్డం ఊగుతుందేమో మాత్రం స్తంభం ఎక్కినప్పుడు కంటితో చూసుకోండి.

#45 తిప్పగాలి
1.7 మీటర్ల పైపు వెల్డింగ్ చేయించి లేపాం, స్టే వైర్లు మూడూ కొత్తగా లాగాం. పది రోజులు అయింది. కిందికి పోయిన అంకె -57, పైకి -52. బీఎఫ్‌డీ ఒక్కసారీ పడలేదు.

#46 మడచెట్టు
తొందరపడి పండగ చేసుకోకండి. గోదారికి వరదొచ్చి నిండు పోటు మీద నీరు ఇంకో మీటరు ఎక్కితే ఎత్తులు 14, 11. గుణించి చూడండి.

#47 ఉప్పుటేరు_99
10.27 సెం.మీ. మళ్ళీ 1.99. మంచి పట్టు పట్టారు, నేను చూసుకోలేదు. ఆ మట్టంలో చానెల్ 36 అయితే 1.77, లాభంలోనే ఉంటుంది. కాబట్టి రెండు చానెళ్ళూ సిద్ధంగా ఉంచుకోవాలి. మొత్తం పవర్ ఆ బ్యాండుకి అనుమతించిన హద్దు దాటకుండా చూసుకోండి. 161లో 13 + 23 = 36 డీబీఎం, 4 వాట్లు. 36కి వెళ్ళేటప్పుడు కార్డు పవర్ మళ్ళీ చూసుకుని పెట్టాలి, దేశం సెట్టింగ్ ఇండియా అని ఉండాలి.

#48 గట్టుమీద_బీఎఫ్‌డీ
కంట్రోలర్‌లో సిగ్నల్ లెక్క ఎలాగూ ఉంది. -72 కన్నా కిందికి 2 నిమిషాలు ఉంటే ముందు బ్యాకప్‌కి మార్చి, తర్వాత రేవులో చానెల్ మార్పించండి. ఈ వరస తప్పకూడదు. చానెల్ మారేటప్పుడు స్టా1 పోయి మళ్ళీ పుట్టొచ్చు, #10 స్క్రిప్టు అప్పుడు పనికొస్తుంది. తిప్పలో స్టేషన్‌ని ఒక్క చానెల్‌కే బిగించారేమో చూడండి, రెండూ వెతికేట్టు ఉండాలి.

#49 పాతవైరు
ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. మీ కంట్రోలర్‌కీ అదే గీత పెట్టుకోండి.

#50 తిప్పగాలి
నవ్వులాటకి అన్నారు గానీ అదే పెడుతున్నాం. మొదటి హెచ్చరిక రాగానే చేత్తో చానెల్ 36. రేవు స్తంభం పక్కన నీళ్ళలో కొలకర్ర పాతించాం, నిండు పోటు మీద ముప్పావు మీటరు దగ్గర ఎర్ర రంగు గీత. అక్కడిదాకా వస్తే సరంగు ఫోన్ చేస్తానన్నాడు.